కార్గో ట్రైలర్‌ని క్యాంపర్‌గా మార్చుకుంటున్నారా, లోపల లైట్లు ఎలా ఎంచుకోవాలో చూద్దాం

ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లలో ఖాళీ కార్గో ట్రైలర్ (కారు వెనక తగిలించుకునే సామాన్ల పెట్టె బండి) కొనుక్కుని లోపల మంచం, చిన్న కిచెన్ కట్టుకుని పిల్లల్ని వేసుకుని స్టేట్ పార్కులకి తిరిగేవాళ్లు ఈ మధ్య నాకు తెలిసే కొందరున్నారు, అందరూ బ్యాటరీ ఎంత పెట్టాలి, సోలార్ ఎంత పెట్టాలి అని అడుగుతారు గానీ లైట్ల గురించి ఎవరూ అడగరు. చివర్లో ఏదో ఒకటి తగిలిద్దాంలే అనుకుంటారు. నేనూ అలాగే చేశా, అందుకే ఇది వివరంగా రాస్తున్నా.

మాది 6 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ట్రైలర్. ముందు వైపు మంచం, పక్కన కిచెన్ గట్టు, తలుపు దగ్గర చెప్పులు విప్పుకునే చోటు, అంతే. మొదటిసారి లైట్లు పెట్టినప్పుడు నేను ఆలోచించింది ఒక్కటే, బాగా వెలుగు రావాలి అని. మనం చిన్నప్పట్నుంచి ట్యూబ్‌లైట్ కింద పెరిగినవాళ్లం కదా, తెల్లగా ఉంటేనే వెలుగు ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకని పైకప్పు పొడవునా రెండు వరసలు 6500 కెల్విన్ (ఈ నంబర్ సంగతి కింద చెప్తా) తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్, అంటే వరసగా చిన్న లైట్లుండే పట్టీ, అంటించి రెండూ ఒకే స్విచ్చికి కలిపేశా. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్లతోనే మొదటి ట్రిప్. రాత్రి రెండింటికి నాన్న బాత్రూంకి వెళ్దామని లేచి చెప్పుల కోసం స్విచ్ వేస్తే అందరం ఉలిక్కిపడి లేచాం, పాప ఏడుపు మొదలెట్టింది. మర్నాడు రాత్రి ఆయన మమ్మల్ని లేపడం ఇష్టం లేక లైట్ వెయ్యకుండానే దిగబోయి మెట్టు తప్పి మోకాలు కొట్టుకున్నారు. పెద్ద దెబ్బేం కాదు గానీ నాకు అది మనసులో ఉండిపోయింది, ఇంటికి రాగానే ఆ స్ట్రిప్పులన్నీ పీకేసి మళ్లీ మొదట్నుంచి చేశా. అంత చిన్న పెట్టెలో ఒకళ్లు పని చేసుకుంటుంటే పక్కనే ఇంకొకళ్లు నిద్రపోతుంటారు, ఇది దృష్టిలో పెట్టుకుని లైట్లు పెట్టుకుంటే సగం తప్పులు జరగవు.

ముందు ఏమీ కొనకుండా ఒక రాత్రి గంటసేపు లోపల కూర్చోండి

గోడలకి ప్లైవుడ్ కొట్టి రంగు వేసేశాక, కానీ పైకప్పుకి బెజ్జాలు పెట్టకముందు, ఇంటి ముందే ట్రైలర్ ఆపుకుని చీకటి పడ్డాక ఒక గంట లోపల కూర్చోండి. రంగు వేశాకే ఎందుకంటే తెల్ల గోడ వెలుగుని తిప్పికొడుతుంది, ముదురు చెక్క రంగు మింగేస్తుంది, అదే లైటు ఒక ట్రైలర్‌లో ఎక్కువైపోతుంది, ఇంకో దాంట్లో చాలదు. రెండు మూడు చిన్న రీచార్జబుల్ లైట్లు తీసుకుని పెయింటర్ టేపుతో అక్కడా ఇక్కడా అంటిస్తూ చూడండి.

అప్పుడు నిజంగా చేసే పనులు చేసి చూడాలి. మంచం మీద పడుకుని పైకి చూడండి, ఏ లైటు కళ్లల్లోకి సూటిగా కొడుతోందో తెలుస్తుంది, ఇంట్లో పైకప్పు ఎత్తుగా ఉంటుంది కాబట్టి తెలియదు గానీ ట్రైలర్‌లో మంచం మీద పడుకుంటే కప్పు మొహానికి మూడు నాలుగు అడుగుల దూరమే ఉంటుంది. కిచెన్ గట్టు దగ్గర నిలబడి ఉల్లిపాయ కోస్తున్నట్టు నటించండి, లైటు మీ వెనక కప్పు మధ్యలో ఉంటే మీ నీడే మీరు కోసే చోట పడుతుంది, ఈ తప్పు దాదాపు అందరూ చేస్తారు. తర్వాత తలుపు వేసి బయట నిలబడి చేత్తో తడిమి చూడండి, తలుపు తియ్యగానే చెయ్యి ఎక్కడికి వెళ్తే అక్కడ స్విచ్ ఉండాలి. ఇంకోటి, లోపల లైటు వెలుగుతుండగా ఎవరినైనా బయట నిలబెట్టి కిటికీ వైపు చూడమనండి, పల్చటి కర్టెన్ అయితే లోపల బట్టలు మార్చుకునేది మొత్తం నీడలాగా బయటికి కనపడుతుంది.

ఈ చోట్లన్నీ టేపు ముక్కలతో గుర్తు పెట్టుకుని ఫోటో తీసి పెట్టుకోండి. అప్పుడు కొనడం మొదలుపెట్టండి.

రంగు విషయం

లైటు డబ్బా మీద కెల్విన్ అని ఒక నంబర్ ఉంటుంది. 2700 అంటే పాత ఫిలమెంట్ బల్బు పసుపు, 3000 దానికి కొంచెం పైన, 4000 మామూలు తెలుపు, 6500 మన ట్యూబ్‌లైట్ నీలం తెలుపు. ట్రైలర్ లోపలికి 2700 నుంచి 3000 మధ్యలో తీసుకోండి, 6500 మాత్రం వద్దు. నీలం ఎక్కువ ఉన్న వెలుగు రాత్రిపూట నిద్రని చెడగొడుతుంది, పైగా బయట పురుగులు కూడా ఎక్కువ అలాంటి వెలుగుకే వస్తాయి, అడవిలో తలుపు తీసి మూసే లోపు ఎన్ని దూరతాయో ఒక్కసారి చూస్తే తెలుస్తుంది. పసుపుగా ఉంటే డల్‌గా ఉంటుందేమో అని మా ఆవిడ కూడా ముందు అనుమానపడింది గానీ వెలుగు ఎంత అనేది ల్యూమెన్స్, రంగు ఏది అనేది కెల్విన్, రెండూ వేరు, ల్యూమెన్స్ సరిపడా ఉంటే పసుపు లైటు కింద కూడా సూదిలో దారం ఎక్కించొచ్చు.

దీనికంటే ముఖ్యమైంది, చాలామంది చూడనిది సీఆర్ఐ. రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే నంబర్ ఇది, 100 అంటే పాత బల్బు లాగా అన్నమాట. చవక లైట్లు 80 దగ్గర గానీ ఇంకా కింద గానీ ఉంటాయి, వాటిలో ముఖ్యంగా ఎరుపు రంగు చచ్చిపోతుంది. మన వంటకి ఇది పెద్ద ఇబ్బంది, పోపులో మినప్పప్పు దోరగా వేగిందా మాడిపోతోందా, కారం ఎర్రగా ఉందా నల్లబడిందా అనేది కంటితో చూసే కదా తెలుసుకునేది, ఆ నా మొదటి స్ట్రిప్ కింద అమ్మ ఉప్మా పోపు రెండుసార్లు మాడ్చింది, ఇంట్లో ఆవిడ చేత ఎప్పుడూ మాడలేదు. కిచెన్ మీద పెట్టే లైటుకైనా సరే సీఆర్ఐ 90 పైన ఉన్నదే కొనండి. డబ్బా మీద ఆ నంబర్ రాయలేదంటే తక్కువే అనుకుని పక్కన పెట్టేయండి. ఇంట్లో చూసుకోడానికి తేలిక మార్గం ఉంది, ఒక టమాటా పట్టుకుని పగలు కిటికీ దగ్గర ఒకసారి, ఆ లైటు కింద ఒకసారి చూడండి, టమాటా గోధుమ రంగుకి తిరిగినట్టు, మీ అరచెయ్యి పాలిపోయినట్టు ఉంటే ఆ లైటు వాపస్ ఇచ్చేయండి.

అన్నీ ఒకే కెల్విన్‌లో, కుదిరితే ఒకే మోడల్ కొనండి, పక్కపక్కన ఒకటి పసుపు ఒకటి తెలుపు వెలుగుతుంటే చిన్న గదిలో కళ్లకి చికాగ్గా ఉంటుంది.

ఎన్ని, ఎక్కడ

మా కొలత ట్రైలర్‌కి 72 చదరపు అడుగులు వస్తుంది, మామూలు వెలుగుకి మొత్తం మీద 1000 ల్యూమెన్స్ దగ్గర ఉంటే చాలు, అది కూడా వెలుగు తగ్గించి పెంచుకునే డిమ్మర్ మీద. నేను పెట్టింది చెప్తా, మీ గదికి తగ్గట్టు మార్చుకోండి.

కప్పుకి ఆరు చిన్న గుండ్రటి పక్ లైట్లు, ఒక్కొక్కటి 3 వాట్లు, 200 ల్యూమెన్స్ దగ్గర ఇస్తాయి. నాలుగు తలుపు, కిచెన్ వైపు ఒక స్విచ్చికి, రెండు మంచం వైపు ఇంకో స్విచ్చికి. మంచం వైపువి దిండు పైన పెట్టలేదు, కాళ్ల వైపు గోడకి దగ్గరగా పెట్టా, పడుకున్నప్పుడు కంట్లోకి కొట్టవు. పక్ కొనేముందు కప్పుకీ ప్లైవుడ్‌కీ మధ్య ఎంత సందు ఉందో స్కేలుతో కొలవండి, కార్గో ట్రైలర్‌లో పైన రేకు, కింద ఇనుప అడ్డ బద్దీలు, వాటి మధ్యలోనే మనకున్న చోటు, లోతుగా ఉండే లైటు తెచ్చుకుంటే పట్టదు. బెజ్జం పెట్టేటప్పుడు డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, కాస్త ఎక్కువ నొక్కితే పైకప్పు రేకుకి బెజ్జం పడి మొదటి వానకే లోపలికి కారుతుంది.

కిచెన్‌కి అల్మారా కింద, ముందు అంచుకి మూడడుగుల స్ట్రిప్. వెనక గోడకి ఆనించి పెడితే గోడ వెలుగుతుంది, గట్టు వెలగదు. స్ట్రిప్ విడిగా అంటించొద్దు, పైన తెల్ల మూత ఉండే అల్యూమినియం ఛానెల్‌లో పెట్టి ఛానెల్‌ని స్క్రూలతో బిగించండి. టెక్సస్ ఎండలో మూసి ఉంచిన ట్రైలర్ లోపల వేడికి స్ట్రిప్ వెనక ఉండే జిగురు ఊడి దండలాగా వేలాడుతుంది, ఛానెల్ ఉంటే ఆ భయం లేదు, వేడిని కూడా లాగేస్తుంది, పోపు పెట్టినప్పుడు చిందే నూనె తుడుచుకోవడం కూడా తేలిక.

మంచం దగ్గర చదువుకోడానికి మెడ వంచుకునే చిన్న లైట్లు రెండు, ఒక్కోదానికి దాని మీదే స్విచ్ ఉండాలి. ఒకళ్లు చదువుతుంటే ఇంకొకళ్లు పడుకోవచ్చు.

ఇక నాన్న కోసం పెట్టింది, నా దృష్టిలో ట్రైలర్ మొత్తంలో అన్నిటికంటే విలువైన లైటు ఇదే. మంచం కింద చెక్కకి లోపలి వైపు, నేలకి జానెడు ఎత్తులో అరమీటరు ముదురు పసుపు రంగు స్ట్రిప్, అంబర్ అంటారు, అలాంటిదే ఇంకో చిన్న ముక్క మెట్టు మీద పడేలా. ఒక వాటుకి మించి తినదు, రాత్రంతా వేసి ఉంచుతాం. నేల, చెప్పులు, తలుపు గొళ్లెం కనపడతాయి, పడుకున్నవాళ్ల కంట్లో మాత్రం పడదు. ఎరుపు కూడా పెట్టుకోవచ్చు, చీకటికి అలవాటు పడ్డ కళ్లు ఎరుపుకి తక్కువ చెదురుతాయి, నక్షత్రాలు చూసేవాళ్లు అందుకే ఎరుపు టార్చ్ వాడతారు. పెద్దవాళ్లకి మాత్రం అంబర్‌లో మెట్టు అంచు బాగా కనపడింది, అందుకని మేం దానికే ఉండిపోయాం.

కరెంటు లెక్క

ఇది తొందరగా అయిపోతుంది. నాలుగు పక్‌లు 12 వాట్లు నాలుగు గంటలు అంటే 48 వాట్ అవర్లు, కిచెన్ స్ట్రిప్ 10 వాట్లు గంటన్నర అంటే 15, చదివే లైట్లు రెండూ కలిపి గంటకి 4, నేల లైటు ఎనిమిది గంటలకి 8, మొత్తం 75. ఒక 100 ఆంప్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 ఉంటుంది, అంటే రాత్రికి ఆరు శాతం. బ్యాటరీని తినేది ఫ్రిజ్జు, ఫ్యాను, లైట్లు కాదు, కాబట్టి కరెంటు మిగులుతుందని నాసిరకం లైట్లు కొనాల్సిన పని లేదు. పాత పాపప్ క్యాంపర్ (కప్పు పైకి లేపుకుని వాడే మడత రకం) కొన్నవాళ్లు మాత్రం లోపల బల్బులు ఒకసారి చూడండి, పాత 1156 రకం ఫిలమెంట్ బల్బు ఒక్కటే 25 వాట్లు పైన లాగుతుంది, అలాంటివి మూడింటిని నాలుగు గంటల పాటు వేస్తే 300 వాట్ అవర్లు అయిపోతుంది, అదే హోల్డర్‌కి సరిపోయే ఎల్ఈడీ బల్బులు దొరుకుతాయి, మార్చేసుకోండి.

ఇంట్లో వాడే 120 వోల్ట్ బల్బులు ఇన్వర్టర్ మీద వెలిగిద్దాం అనుకోవద్దు. పెద్ద ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే పది ఇరవై వాట్లు తింటుంది, లైటు తినేదానికంటే ఎక్కువ.

12 వోల్ట్ అని రాసి ఉంటే సరిపోదు

బ్యాటరీ 12 వోల్ట్ అంటాం గానీ ఛార్జ్ అవుతున్నప్పుడు లిథియం 14.4, 14.6 దాకా పోతుంది. చవక స్ట్రిప్‌లో రెసిస్టర్లు తప్ప ఇంకేం ఉండవు, సరిగ్గా 12 మీద పనిచేసేలా చేసినవి, పగలు సోలార్ ఛార్జింగ్‌లో వేస్తే వోల్టేజ్ కొంచెమే పెరిగినా కరెంటు చాలా ఎక్కువ పోతుంది, వేడెక్కి కొన్నాళ్లకి ఒక్కో ముక్క ఆరిపోవడం మొదలుపెడతాయి. అందుకని పక్ లైట్లు కొనేటప్పుడు 10 నుంచి 30 వోల్ట్స్ అని రేంజ్ రాసి ఉన్నవి కొనండి, లోపల డ్రైవర్, అంటే లైటుకి పోయే కరెంటుని అదుపులో పెట్టే సర్క్యూట్, ఉందని దానర్థం. స్ట్రిప్‌కైతే ముందు ఒక చిన్న 12 వోల్ట్ స్టెబిలైజర్ కన్వర్టర్ పెట్టండి, బ్యాటరీ ఎంత ఊగినా బయటికి 12 మాత్రమే ఇచ్చేది.

డిమ్మర్లు, స్విచ్చులు

డిమ్మర్ లేకుండా పెట్టొద్దు అనే చెప్తా, సాయంత్రం వంటప్పుడు ఫుల్, తినేటప్పుడు సగం, పడుకునే ముందు పదో వంతు. అయితే డ్రైవర్ ఉన్న పక్‌లు అన్నీ డిమ్ అవ్వవు, డిమ్మబుల్ అని రాసి ఉండాలి, ఒకటి కొని మీ డిమ్మర్‌తో టేబుల్ మీద కలిపి చూసి మిగతావి కొనండి. తగ్గించినప్పుడు కూత పెడుతోందేమో వినండి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే మిణుకు ఎంత ఉందో తెలిసిపోతుంది, గట్టిగా మిణుకుమంటుంటే కొందరికి తలనొప్పి వస్తుంది. దగ్గర్లో ఎఫ్ఎం రేడియో పెట్టి కూడా చూడండి, కొన్ని డిమ్మర్లు గరగర పుట్టిస్తాయి.

ఒక సంగతి జాగ్రత్త, ఈ 12 వోల్ట్ డిమ్మర్లలో చాలావరకు నెగెటివ్ వైరునే కోసి కోసి వెలుగు తగ్గిస్తాయి. మీరు లైటు నెగెటివ్‌ని దగ్గర్లో ఉన్న ట్రైలర్ ఇనుప ఫ్రేముకి బిగించేస్తే డిమ్మర్‌ని దాటేసినట్టే, లైటు ఎప్పుడూ ఫుల్‌గా వెలుగుతూనే ఉంటుంది. ప్రతి లైటు నుంచి నెగెటివ్ వైరు కూడా డిమ్మర్ దాకా వెనక్కి తెచ్చుకోండి.

తలుపు దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి స్విచ్ పెట్టుకుని ఎక్కడ్నుంచైనా వేసి ఆపుకునేలా చేసుకుంటే సుఖం, మన ఇళ్లల్లో మెట్లకి ఉంటుంది కదా అలాంటిది. మనం టూ వే స్విచ్ అంటాం, ఇక్కడ అమెరికా షాపులో అదే వస్తువుని త్రీ వే అంటారు, టూ వే అని అడిగితే తికమక పడతారు.

వైరు, ఫ్యూజు

ఇంటి గోడల్లో వేసే గట్టి ఒంటి తీగ వైరు ట్రైలర్‌లో వాడొద్దు, రోడ్డు కుదుపుకి అలసిపోయి విరుగుతుంది. పోగుల వైరు వాడండి, పూర్తిగా రాగి అని రాసి ఉన్నది, చవక వాటిలో అల్యూమినియం మీద రాగి పూత వేసి అమ్ముతారు. లైట్లకి 16 గేజ్ (గేజ్ అంటే వైరు మందం, నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు) నాకు నచ్చింది, 18 కూడా పనిచేస్తుంది. 15 అడుగుల దూరంలో 2 ఆంప్స్ తినే లైట్లకి పోను రాను 30 అడుగులు, 18 గేజ్‌లో దాదాపు 0.4 వోల్ట్ పోతుంది, 16లో పావు వోల్ట్ కూడా పోదు. ఒక్కో లైట్ల గుంపుకి బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ బ్లాక్‌లో వేరే ఫ్యూజు, 5 ఆంప్స్ చాలు. ఫ్యూజు ఉండేది వైరు కాలిపోకుండా చూడ్డానికి, చుట్టూ చెక్క, దూది, మనం మధ్యలో పడుకుని ఉంటాం, కాబట్టి ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. ఇనుప బద్దీలోంచి వైరు పోయే ప్రతి బెజ్జానికి రబ్బరు గ్రోమెట్, అంటే బెజ్జం అంచుకి తొడిగే రింగు, వెయ్యాలి, లేకపోతే నెలల తరబడి రాసుకుని తొక్క ఊడిపోతుంది. జాయింట్లు టేపు చుట్టి వదిలెయ్యకుండా క్రింప్ చేసి (లోహపు తొడుగులో వైరు పెట్టి నొక్కి బిగించి) వేడితో ముడుచుకునే గొట్టం వెయ్యండి, క్రింప్ చేశాక గట్టిగా లాగి చూడండి.

ట్రైలర్‌తో పాటు వచ్చిన డోమ్ లైటు

ఇది నేను పడ్డ ఇబ్బంది, మీరు పడొద్దు. చాలా కార్గో ట్రైలర్లలో లోపల ఒక డోమ్ లైటు ముందే ఉంటుంది, అది కారు పార్కింగ్ లైట్ల వైరు మీదే వెలుగుతుంది, కారు తగిలించి హెడ్‌లైట్లు వేస్తేనే. దాన్ని బ్యాటరీకి మారుద్దామని నేను పాత వైరు కొయ్యకుండా కొత్త పాజిటివ్ తెచ్చి అక్కడే కలిపా, స్విచ్ వెయ్యగానే లోపలి లైటుతో పాటు బయట టెయిల్ లైట్లు, పక్కన ఉండే చిన్న మార్కర్ లైట్లు అన్నీ వెలిగాయి, బ్యాటరీ కరెంటు ఆ వైరులోంచి వెనక్కి పోయింది. కారు తగిలించి ఉంటే అటు కూడా పోయేది. పాత వైరుని కోసి కొసకి మూత పెట్టి, డోమ్ లైటుని పూర్తిగా వేరు చేసి, అప్పుడు బ్యాటరీకి కలపండి.

ప్లైవుడ్ కప్పు మూసే ముందు అన్ని లైట్లూ వేసి అరగంట ఉంచి, జాయింట్లు, డిమ్మర్ చేత్తో ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ ఏదో వదులుగా ఉన్నట్టే. మూసే ముందు వైర్లు ఎటు పోయాయో ఫోటోలు తీసుకోండి, రేపు కప్పుకి ఫ్యాన్ పెట్టాలంటే అవే దిక్కు.

బయటి లైటు

తలుపు పైన ఒక చిన్న అంబర్ లైటు, వెలుగు కిందికి మాత్రమే పడేలా పైన మూత ఉన్నది పెట్టుకోండి, లోపల్నుంచి ఆపగలిగే స్విచ్‌తో. టెక్సస్‌లో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి 2012లో, ఎన్‌చాంటెడ్ రాక్‌కి 2014లో డార్క్ స్కై గుర్తింపు (రాత్రి ఆకాశం చీకటిగా కాపాడే చోట్లకి ఇచ్చేది) వచ్చింది, జనం అక్కడికి వచ్చేదే పాలపుంత చూడ్డానికి, మన తలుపు మీద తెల్ల ఫ్లడ్ లైటు వెలుగుతుంటే పక్క సైట్లో వాళ్లకి ఆకాశం కనపడదు. మేం బిగ్ బెండ్ వెళ్లినప్పుడు లోపలా బయటా అన్నీ ఆపేసి మెట్టు మీద అంబర్ ముక్క ఒక్కటే ఉంచాం, నాన్న రాత్రి ఒంటిగంటకి తనంతట తను లేచి చెప్పులేసుకుని మెట్టు దిగి కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆకాశం చూసి వచ్చి పడుకున్నారట, మాకెవరికీ తెలీలేదు, పొద్దున్న కాఫీ తాగుతూ ఆయన చెప్తే తెలిసింది.